మంచు చెరువు మీద స్వరాజ్యం

మంచుకొండ ఎక్కడానికి వస్తానని స్వరాజ్యం ఒప్పుకున్న మాట నిజమే. ఒప్పుకున్నట్టు ఆమెకు తెలిసింది మాత్రం పక్షం రోజుల తర్వాత.

దీపావళి వెళ్ళిన కొత్తలో సూరత్ శివారు భేస్తాన్‌లోని వాళ్ళ ఇంటికి ఒక పెద్ద పార్శిల్ వచ్చింది. విప్పితే పసిపిల్లను పడుకోబెట్టేంత బూట్లు రెండు జతలు, దుప్పటి మందాన సాక్సులు, చెవులు మూసే ఊలు టోపీలు బయటపడ్డాయి. సూరత్‌లో చలికాలమంటే తెల్లవారుజామున ఒక పల్చటి శాలువా, అంతే. ఇవన్నీ ఎవరికని భర్త రాజమల్లును అడిగింది. ఆయన పడీ పడీ నవ్వి, గాలిలో వేలితో ఒక కొండ గీశాడు. దాని మీద రెండు వేళ్ళను నడిపించాడు. ఒక వేలు కూతురు నవత అన్నాడు. రెండో వేలు భార్య వైపు తిప్పాడు.

"నువ్వే ఒప్పుకున్నవట గదనే," అన్నాడు పెదవులు సాగదీసి. "పోరి ఎంత సంబురపడ్డదో."

అప్పుడు గుర్తొచ్చింది స్వరాజ్యానికి. నవత ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, గడపలో చెప్పులు విప్పుతూ, మూతికి మాస్కు ఉండగానే ఏదో అడిగింది. కళ్ళు మాత్రం ఆశగా ఉన్నాయి. స్వరాజ్యం అన్నిటికీ ఊపినట్టే దానికీ గంగిరెద్దులా తల ఊపింది. ఆసుపత్రివాళ్ళు కొందరు ఇంటివాళ్ళతో కలిసి ఉత్తరాఖండ్‌లో మంచులో నడిచే యాత్రకు పోతున్నారట. 'అమ్మా, మనిద్దరం పోదామా' అని ఆ పిల్ల అడిగిందట.

ఈ తల ఊపడం వెనక పెద్ద కథే ఉంది. స్వరాజ్యానికి చెవులు సరిగా వినపడవు. బొత్తిగా అని కాదు. పెళ్ళి బాజాలు, రైలు కూత తెలుస్తాయి. మనిషి మాట మాత్రం నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు గుడగుడమంటుంది. సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి పెళ్ళయి వచ్చిన ఏడే ఆమె మరమగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టే పనికి కుదిరింది. అక్కడివాళ్ళు మగ్గాలను సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కన నిలబడి గొంతు చించుకున్నా ఒక్క ముక్క చెవికెక్కదు. అందుకని లోపల పనిచేసేవాళ్ళు పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. దూరమైతే చేతులతో మాట్లాడుకుంటారు. తిన్నావా అంటే ఒక సైగ. సేఠ్ వస్తున్నాడంటే గాలిలో ఒక బొజ్జ. పోగు తెగిందంటే రెండు చూపుడు వేళ్ళు కలిపి విడదీయడం. ఆ సైగ చూసినవాళ్ళలో దగ్గరున్నవాళ్ళు చేతిలో పని వదిలి వెళ్ళి ముడి వేస్తారు. అన్నిటికన్నా పెద్దది, రెండు పిడికిళ్ళు తలపైన అడ్డంగా కలిపేది: సాంచా ఆపు. అది కనపడ్డాక ఎందుకు, ఏమిటి అని అడిగేవాళ్ళుండరు. ఎవరి కొంగో, ఎవరి వేలో లోపల ఇరుక్కుని ఉంటుంది. ముందు చెయ్యి ఆగాలి, ఆ తర్వాతే బుద్ధి.

చెవి పోయిందని స్వరాజ్యం ఎవరికీ చెప్పలేదు. రాజమల్లుకు తెలుసు. ఆయనకూ సాంచాల చప్పుడుకే సగం పోయింది కాబట్టి చెప్పకుండానే తెలిసింది. చెప్పకపోవడానికి కారణం పక్కింటి చిన్నవ్వ. ఆమె ఒకప్పుడు అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. చెవిటిదని తేలిన నాటి నుంచి ఇంట్లో ఆమెకు ఎవరూ ఏమీ చెప్పడం మానేశారు. మనవరాలి సంబంధం ఖాయమైన సంగతి ఆమెకు ఇంటి ముందు పందిరి వేస్తుంటే తెలిసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని కొడుకు నవ్వాడు. ఆ నవ్వు స్వరాజ్యం కళ్ళారా చూసింది. తిండి పెడతారు, బట్ట పెడతారు, మాట మాత్రం పెట్టరు. ఆ గతి తనకు పట్టకూడదనుకుంది.

అందుకే దాచింది, దాచడంలో ఆరితేరింది. ఎదుటి మనిషి మొహం మీంచి చూపు తిప్పేది కాదు. మా అమ్మ ఎంత శ్రద్ధగా వింటుందో అని నవత చిన్నప్పుడు మురిసిపోయేది. నర్సింగు చదువుకు నవ్‌సారి హాస్టల్లో ఉన్నప్పుడు ఫోను చేస్తే స్వరాజ్యం ఎత్తి, "తిన్నవా? మంచిగ తిను. పైలం బిడ్డా, ఇగో మీ నాయినకిస్తున్న," అని గడగడా అనేసి ఫోను దాటించేది. జవాబు కోసం ఆగితే గదా చిక్కు.

కరోనా వచ్చి ఈ నాటకమంతా పాడుచేసింది. మొదట లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి. భేస్తాన్ గల్లీలన్నీ నిశ్శబ్దమయ్యాయి. చప్పుడు లేకపోయేసరికి ఇన్నేళ్ళుగా అరిచి మాట్లాడిన జనం గొంతులు తగ్గించారు. ఊరంతా పిట్టల కూతలు వినపడుతున్నాయని సంబరపడుతుంటే, స్వరాజ్యానికి ఉన్న కాస్త మాటా జారిపోయింది. ఆపైన మాస్కులు వచ్చాయి. పెదవులన్నీ గుడ్డ కిందికి పోయాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది ఆమె పని.

రెండో ఏడు వేసవిలో రోగం సూరత్‌ను కమ్మేసింది. నవతకు కోవిడ్ వార్డులో డ్యూటీ పడింది. ఇంట్లోవాళ్ళకు అంటుకోకూడదని మిద్దె మీది గదిలో ఉండేది. స్వరాజ్యం మెట్ల మలుపులో పళ్ళెం పెట్టి కిందికి వచ్చేది. ఒక సాయంత్రం నవత ఆ మలుపు దగ్గర నిలబడి, మాస్కు వెనక నుంచి ఏదో చెప్పింది. కొంచెంసేపే చెప్పింది. స్వరాజ్యానికి కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. అవి అలిసిపోయి ఉన్నాయి. డ్యూటీ చేసిన పిల్ల కళ్ళు అలిసిపోక ఏం చేస్తాయి? "మంచిది బిడ్డా. పైలంగ పో," అంది. నవత ఇంకా కాసేపు అక్కడే నిలబడి పైకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ పిల్ల మారిపోయింది. రోగం తగ్గుముఖం పట్టి కిందికి వచ్చేసినా, నాన్నతో నాలుగు మాటలు, అమ్మతో ఒకటి. అదీ అవసరానికే. ఇంట్లో కూడా అలవాటు కొద్దీ మాస్కు తీసేది కాదు. ఏం తప్పు జరిగిందో స్వరాజ్యానికి అంతుపట్టలేదు. అడుగుదామంటే, జవాబు ఎట్లా వింటుంది? చిన్నవ్వకు ఇంట్లోవాళ్ళు మాట పెట్టడం మానేస్తే, తాను చెవిటిదని తెలియకుండానే తనకు కూతురు మానేసిందని లోలోపల కుమిలిపోయింది. అందుకే ఆ పార్శిల్ చూసినప్పుడు గుండె ఝల్లుమన్నా, వద్దు అనే మాట నోటికి రాలేదు. ఇన్ని నెలల తర్వాత ఆ పిల్ల తనను ఒకటి అడిగింది. కొండ కాదు, ఆకాశం ఎక్కమన్నా ఎక్కాల్సిందే.

"వాళ్ళకు నీ చెవుల సంగతి చెప్పు," అన్నాడు రాజమల్లు. "మంచుల ఆటలాడకు."

"చెప్తే తీస్కపోరు," అంది స్వరాజ్యం. అక్కడితో ఆ మాట ముగిసింది.

డిసెంబరు చివర్లో బయల్దేరారు. హరిద్వార్ దాకా రైలు, అక్కడి నుంచి పొద్దంతా కొండల్లో బస్సు. సాంక్రి అనే ఊళ్ళో దిగేసరికి స్వరాజ్యం కాళ్ళూ చేతులూ తనవి కానట్టున్నాయి. మర్నాడు గైడు వచ్చాడు. పేరు జగమోహన్, ఆ కొండల మనిషే. ముక్కు మీదిదాకా ఊలు గుడ్డ చుట్టుకుని అందరినీ చుట్టూ నిలబెట్టి చాలాసేపు హిందీలో జాగ్రత్తలు చెప్పాడు. చివర్లో ఒక్కొక్కరినే చూసి ఏదో అడిగాడు. అందరూ తల అడ్డంగా ఊపారు. స్వరాజ్యమూ అడ్డంగానే ఊపింది. ఎవరికైనా ఆరోగ్యం బాగోలేదా, ఏదైనా ఇబ్బంది ఉందా అని అడిగాడని ఆమెకు తర్వాత తెలిసింది.

నడకకు ఆమె వెనకాడలేదు. పొద్దంతా నిలబడి పనిచేసిన కాళ్ళు అవి. ఆసుపత్రిలో లెక్కలు చూసే హేతల్‌బెన్ మాటిమాటికీ ఆగి ఆయాసపడుతుంటే, స్వరాజ్యం ఆమె సంచి కూడా తన భుజానికి తగిలించుకుంది. మిగతా సంగతికి ఉపాయం సులువే: అందరూ ఆగితే ఆగడం, అందరూ బూట్ల పట్టీలు బిగిస్తే తానూ బిగించడం. దేవదారు చెట్ల మధ్య మంచు కిర్రుకిర్రుమంటోందని పిల్లలు మురిసిపోతుంటే, అది పాదాల్లో తెలుస్తోందిలే అనుకుంది. తెల్లటి కొండలు చూసి ఆమెకు ఒళ్ళు పులకరించింది. ఇంత చోటు లోకంలో ఉందా, ఉండి ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదే అని కోపం కూడా వచ్చింది.

నవత మాత్రం ముందే నడిచేది. మొహానికి గుడ్డ, కళ్ళకు నల్లద్దాలు. అప్పుడప్పుడు వెనక్కి తిరిగి చూసేది, అంతే. ఒకటి రెండుసార్లు పక్కకు వచ్చి ఏదో అంది. తల్లి ఆఁ ఆఁ అని తల ఊపేసరికి నిట్టూర్చి మళ్ళీ ముందుకు పోయింది. ఇంత దూరం వచ్చినా ఇంట్లో తంతే గదా అని స్వరాజ్యానికి ఏడుపు వచ్చింది.

రెండో మజిలీ ఒక చెరువు పక్కన. చెరువని బోర్డు ఏమీ లేదు. పైన మంచు కురిసి, కొత్త బట్ట తాకా విప్పి పరిచినంత చదునుగా, తెల్లగా ఉంది. దాని మీదికి ఎవరూ దిగవద్దని, ఎండ పడే అంచున గడ్డ పల్చగా ఉంటుందని జగమోహన్ గట్టిగానే హెచ్చరించాడట. ఆ హెచ్చరిక వేళకు స్వరాజ్యం వంగి సంచి వెతుకుతోంది. ఇంట్లో చేసి తెచ్చిన పల్లిపట్టీలు దొరికాయి. తలెత్తి చూస్తే, చెరువు ఆవలి గట్టు మీద నవత ఒక్కతే బండమీద కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. పసిదానిగా ఉన్నప్పుడు అలిగితే అట్లాగే కూర్చునేది. స్వరాజ్యం పట్టీల పొట్లం చేతపట్టుకుని, చుట్టూ తిరిగి పోవడమెందుకని అడ్డంగా నడిచింది.

వెనక జగమోహన్ ఈల వేశాడు. హేతల్‌బెన్ కేకలు పెట్టింది. నలుగురూ అరిచారు. స్వరాజ్యం పొట్లం చూసుకుంటూ నడుస్తూనే ఉంది. ఆ అరుపులకు నవత తలెత్తింది, లేచి నిలబడింది, రెండు చేతులూ ఊపింది. వెనక్కి పో అని ఆ పిల్ల ఊపితే, రమ్మంటోందని తల్లికి అర్థమైంది. ఇన్ని నెలల తర్వాత బిడ్డ చేతులు చాచి పిలుస్తోందని స్వరాజ్యం మొహం వెలిగిపోయింది. ఇంకా గబగబా నడిచింది. కాళ్ళ కింద గడ్డ ఒకవైపు వంగినట్టయింది.

అప్పుడు నవత చేతులు వాటంతట అవే పైకి లేచి, తలపైన రెండు పిడికిళ్ళూ అడ్డంగా కలిశాయి. చిన్నప్పుడు టిఫిను డబ్బా పట్టుకుని కార్ఖానాకు పరిగెత్తిన రోజుల్లో ఆ పిల్ల నేర్చుకున్న సైగ. మళ్ళీ ఎన్నడూ వాడలేదు.

స్వరాజ్యం ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేసింది. వెనక కాలు మాత్రం గడ్డలోంచి మోకాటి దాకా దిగబడింది. నీళ్ళు నిప్పులా కాల్చాయి. నవత చేతులు ఆగలేదు. కూర్చో, పడుకో, వెనక్కి జరుగు అని గాలిలో చూపిస్తూనే ఉంది. స్వరాజ్యం ఆ చేతులనే చూస్తూ, చెప్పినట్టల్లా చేసింది. జగమోహన్ పొట్టమీద పాకి వచ్చి, చేతికర్ర అందించి, ఆమెను గట్టుకు లాగాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మనసులో తనను తానే తిట్టుకుంది స్వరాజ్యం. పల్లిపట్టీల పొట్లం మాత్రం వదల్లేదు.

వంట గుడారంలో పొయ్యి పక్కన కూర్చోబెట్టి, తడి సాక్సు తీసి, నవత కాలు రుద్దింది. తర్వాత మొహం మీది గుడ్డ కిందికి లాగింది. ఎన్నాళ్ళకో ఆ పెదవులు తల్లికి ఇంత దగ్గరగా కనపడ్డాయి. చలికి పగిలి ఉన్నాయి.

"ఎన్నేండ్ల సంది ఇనవడ్తలేదు నీకు?"

"గాలి గదా బిడ్డా, గాలికి..."

నవత చటుక్కున లేచి, అటు తిరిగి నిలబడింది. కొంచెంసేపటికి ఇటు తిరిగింది. "ఇప్పుడు నేనేమన్ననో చెప్పు," అంది. స్వరాజ్యానికి ఇక దాచడానికి చోటు లేదు. తల దించుకుంది.

జగమోహన్ వచ్చి కోప్పడలేదు. రేపు చీకటితోనే శిఖరానికి బయల్దేరతామని, చీకట్లో చెయ్యి చూపించినా కనపడదని, మాట వినపడని మనిషిని ఆ దారిలో తీసుకుపోలేనని నెమ్మదిగా చెప్పాడు. నవత ప్రతి మాటా తల్లికి పెదవులతో తిరిగి చెప్పింది. న్యాయమైన మాటే. కానీ చివరికి తనకూ చిన్నవ్వ గతే పట్టిందని, అందరూ పోతే తాను మూలన కూర్చోవాలని స్వరాజ్యానికి అనిపించింది.

తెల్లారి లేచి చూస్తే గుడారాలన్నీ ఖాళీ. వంటమనిషి ఒక్కడు బయట టీ కాస్తున్నాడు. పక్కనే బండమీద ఎండలో నవత కూర్చుని ఉంది. శిఖరం చూడాలని రెండు నెలల నుంచి ఎదురుచూసిన పిల్ల.

"నువ్వెందుకు పోలేదే?" అంది స్వరాజ్యం.

"అరే, నీతోని పోదామనే గదా వచ్చిన," అంది నవత. మొహానికి గుడ్డ లేదు. మాట్లాడాలనుకున్నప్పుడల్లా పూర్తిగా తల్లి వైపు తిరుగుతోంది.

ఇద్దరూ టీ తాగుతూ పల్లిపట్టీలు కొరికారు. స్వరాజ్యం చిన్నవ్వ సంగతి చెప్పింది. ఫోను గడగడ ఎందుకో చెప్పింది. నవత నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అమ్మా, గా మెట్ల కాడ నేను నీకొకటి చెప్పిన. యాదికున్నదా? పోయిన ఎండకాలం. నేనేమన్ననో నీకు తెల్సిందా?"

స్వరాజ్యం ఆలోచించింది. అబద్ధం చెప్పే అవసరం తీరిపోయింది.

"పప్పు మంచిగైందన్నవేమో అనుకున్న," అంది.

నవత రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో స్వరాజ్యానికి తెలియలేదు. చేతులు పట్టుకుని బలవంతాన కిందికి దించింది. "ఏమన్నవ్? మల్ల చెప్పు. నాకు కనపడేటట్టు చెప్పు."

నవత గొంతు వాడలేదు. పెదవులతోనే చెప్పింది. ఆ దినం తన చేతుల్లో ముగ్గురు పోయారని చెప్పింది. వాళ్ళలో ఒకామె తల్లి ఈడుదని చెప్పింది. ఆ తర్వాత, ఆ సాయంత్రం మెట్ల మీద అన్న మాట అన్నది.

"అమ్మా, నాకు బయమైతుంది. రేపు పోబుద్ధి అయితలేదు."

మంచిది బిడ్డా, పైలంగ పో. తాను అన్న మాట స్వరాజ్యానికి అక్షరం అక్షరం గుర్తొచ్చింది. భయమేస్తోందని వచ్చిన బిడ్డకు తాను ఇచ్చిన జవాబు అది. ఆ జవాబు పట్టుకుని ఆ పిల్ల మర్నాడు వార్డుకు పోయింది. అట్లా వేసవంతా పోయింది. తాను కింద అన్నం వండుకుంటూ, ఈ పిల్లకేమైందబ్బా అనుకుంటూ కూర్చుంది.

"పోకు," అంది స్వరాజ్యం.

"అయిపోయింది గదమ్మా. ఎన్నడో పోయిన."

"అయితే అయింది. నేనిప్పుడు ఇన్న, ఇప్పుడే చెప్తున్న. పోకు బిడ్డా. నా కాడ పండు."

ఎండ చెరువు మీదికి వచ్చింది. నవత తల్లి ఒడిలో తల పెట్టుకుని చాలాసేపు పడుకుంది. స్వరాజ్యం ఆ పిల్ల టోపీ తీసి జుట్టు నిమిరింది. పైనుంచి మిగతావాళ్ళు దిగి వచ్చే ముందు నవత లేచి ఒకటి అడిగింది. కార్ఖానాలో భయానికి సైగ ఏమిటని. భయానికి అక్కడ సైగ లేదు. దగ్గరగా ఉండేది, పోగు తెగిందనేది ఒకటి ఉందని, స్వరాజ్యం రెండు చూపుడు వేళ్ళు కలిపి విడదీసి చూపించింది. నవత తానూ ఒకసారి చేసి చూసుకుంది.

తిరిగి వచ్చాక నవత ఆమెను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చెవికి మిషను పెట్టుకుని స్వరాజ్యం మొట్టమొదట విన్నది రాజమల్లు టీ జుర్రుకునే చప్పుడు. ఇన్నేళ్ళు వినపడకపోవడమే నయమని భర్తను ఏడిపించింది. మిషను ఉన్నా మనుషుల మాట ఇంకా ముక్కలు ముక్కలుగానే వచ్చేది. చాలాసేపు పెట్టుకుంటే తల దిమ్మెక్కుతోందని తీసి డబ్బాలో పెట్టేది.

జనవరి సగం కాకముందే రోగం మళ్ళీ పెరిగింది. నవత మళ్ళీ కోవిడ్ వార్డుకు, మళ్ళీ మిద్దె గదికి. మళ్ళీ మెట్ల మలుపులో పళ్ళెం. నాలుగో రోజు సాయంత్రం స్వరాజ్యం కింద రొట్టెలు చేస్తూ ఎందుకో తలెత్తి చూసింది. నవత మలుపు దగ్గర నిలబడి ఉంది. మాస్కు ఉంది. కళ్ళు ఆనాటిలాగే అలిసిపోయి ఉన్నాయి. రెండు చూపుడు వేళ్ళు కలిపి, మెల్లగా విడదీసింది.

స్వరాజ్యం పెనం మీది రొట్టెను అట్లాగే వదిలి, పొయ్యి ఆపి, మాస్కు కట్టుకుని మెట్లెక్కింది.